గ్రాఫు తీసిన ప్రతిసారీ వేరే అంకె వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. వరంగల్‌లో ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. బీటెక్ మెకానికల్‌లో చేశాను. వెల్డింగ్ చేసిన స్టీలుకు ఉప్పు నీళ్లలో తుప్పు ఎంత వేగంగా పడుతుందో పొటెన్షియోస్టాట్ మీద కొలవడం నా ప్రాజెక్టు. ఇంటర్ తర్వాత ఎలక్ట్రోకెమిస్ట్రీ ముట్టుకున్నది లేదు. మిషన్ నాకు వారానికి ఒక పూట దొరుకుతుంది. ఒకే స్టీలుకు మూడుసార్లు తీస్తే ఏడాదికి 0.08, 0.31, 0.9 మిల్లీమీటర్లు అని వచ్చింది. ఏది నిజమో తెలియడం లేదు. సీనియర్ ఒకరు "మంచిగున్నది ఒకటి పెట్టుకో, ఎవరు చూస్తరు" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా నాన్న బోరు మోటార్ల మెకానిక్. జంగు తిన్న పైపులు చూస్తూ పెరిగాను, అందుకే ఈ టాపిక్ ఇష్టపడి తీసుకున్నాను. ఇప్పుడు మార్చుకోవడం మంచిదా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు:

మార్చుకోవద్దు బిడ్డా. మూడు అంకెలూ దాచకుండా రాశావు, అది చూసి నాకు సంతోషమైంది. సీనియర్ చెప్పినట్టు ఒకటి ఏరి పెట్టుకుంటే రేపు ఆ అంకె చూసి ఎవరో ఒకరు ఒక పైపు మందమో ట్యాంకు మందమో నిర్ణయిస్తారు. ఆ పని మాత్రం చేయకు.

నేను చెప్పేది ఒక్కటే. వెల్డింగ్ ముక్కల్ని నెల రోజులు పక్కన పెట్టు. మామూలు మైల్డ్ స్టీలు తీసుకో, 3.5 శాతం ఉప్పు నీళ్లు తీసుకో. ఆ ఒక్కదానికే మూడుసార్లు తీసిన గీతలు ఒకదాని మీద ఒకటి పడేదాకా ఇంకో నమూనా ముట్టుకోకు. నెల పోతుందని భయపడకు. నీ చేయి కుదిరిందో లేదో తెలియకుండా కొత్త స్టీలు మీద తీసిన గ్రాఫులో స్టీలు తేడా ఏదో, చేతి తేడా ఏదో ఎవరూ విడదీయలేరు.

ముందు, మనం కొలిచేది ఏమిటో చూద్దాం. ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఒకే ముక్క మీద రెండు పనులు జరుగుతుంటాయి. ఒకచోట ఇనుప అణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి నీళ్లలోకి దిగిపోతుంది. ఇంకోచోట నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సమానం. ఆ కరెంటు లోహం లోపలే తిరుగుతుంది కాబట్టి మీటరు పెట్టడానికి బయట తీగ లేదు. 1938లో వాగ్నర్, ట్రౌడ్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఈ సంగతిని స్పష్టంగా రాసి పెట్టారు. మన పనంతా దాని మీదే నిలబడి ఉంది.

మీ ఊరికి దగ్గరిదే, పాకాల చెరువు తలుచుకో. వాగుల నుంచి ఎంత వస్తోందో తూముల గుండా అంతే పోతోందనుకో. మట్టం కదలదు. కట్ట మీద నిలబడి ఆ మట్టం చూసి, చెరువులోంచి రోజుకు ఎంత నీళ్లు పారుతున్నాయో చెప్పగలవా? చెప్పలేవు. నువ్వు మొదట కొలిచే ఓపెన్ సర్క్యూట్ పొటెన్షియల్, అంటే బయటి నుంచి కరెంటేమీ ఇవ్వనప్పుడు స్టీలుకు ఉండే వోల్టేజి, అచ్చం ఆ మట్టం లాంటిది. మట్టం పైన ఉంటే తుప్పు తక్కువ, కింద ఉంటే ఎక్కువ అని చాలా థీసిస్‌లలో రాసేస్తుంటారు. అది తప్పు. ఇప్పుడు ఆ చెరువుకు మోటారు పెట్టి కొంచెం నీళ్లు తోడు. పారకం జోరుగా ఉంటే నువ్వు తోడింది లెక్కలోకే రాదు, మట్టం కదిలీ కదలనట్టు ఉంటుంది. పారకం సన్నగా ఉంటే మట్టం గబగబా దిగుతుంది. పొటెన్షియోస్టాట్ చేసేది ఇదే. స్టీలును 10 మిల్లీవోల్టులు అటూ ఇటూ కదిపి, అందుకు ఎంత కరెంటు పట్టిందో చూస్తుంది. కొద్దిపాటి కదలికకే ఎక్కువ కరెంటు పట్టిందంటే లోపల తుప్పు జోరుగా నడుస్తోందన్నమాట. కదిపిన వోల్టేజిని ఆ కరెంటుతో భాగిస్తే వచ్చేదే పోలరైజేషన్ రెసిస్టెన్స్. దాన్ని తుప్పు కరెంటుతో కలిపే సూత్రాన్ని 1957లో స్టెర్న్, గియరీ ఇచ్చారు.

ఇక లెక్క. ఇది సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా ఒక్కసారైనా కాగితం మీద చెయ్యి. చదరపు సెంటీమీటరుకు 1 మైక్రో ఆంపియర్ చొప్పున ఏడాది పొడుగునా కరెంటు పోతే మొత్తం 31.5 కూలుంబులు. ఒక మోల్ ఇనుము కరగడానికి 96,485కు రెండింతల కూలుంబులు కావాలి. అలా చూస్తే కరిగిన ఇనుము సుమారు 9.1 మిల్లీగ్రాములు. సాంద్రత 7.87తో భాగించి మిల్లీమీటర్లలోకి మార్చితే 0.0116 వస్తుంది. అంటే 1 మైక్రో ఆంపియర్‌కు ఏడాదికి 0.0116 మిల్లీమీటర్లు. ఇది నీకు నోటికి రావాలి. ఇంటర్‌లో చదివిన ఫారడే నియమమే ఇది, కొత్తదేమీ లేదు.

ఈ అంకె చేతిలో ఉంటే నీ మూడు ఫలితాలూ మాట్లాడతాయి. 0.9 అంటే దాదాపు 78 మైక్రో ఆంపియర్లు. కలపకుండా నిలకడగా ఉంచిన ఉప్పు నీళ్లలో ఆక్సిజన్ అంత వేగంగా స్టీలు దాకా వచ్చి చేరడం కష్టం. అక్కడ స్టీలు తుప్పుకు పగ్గం వేసేది ఆక్సిజన్ రాకే. కాబట్టి ఆ రోజు బీకరులో స్టిర్రర్ తిరుగుతుండాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఏరియా తప్పుగా పడి ఉండాలి, లేదా గీతకు సరళరేఖ గీసిన చోటు తప్పై ఉండాలి. సముద్రపు నీళ్లలో స్టీలుకు సాధారణంగా చెప్పే వేగం ఏడాదికి 0.1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన 0.08 నమ్మదగ్గట్టే ఉంది. కానీ నమ్మదగ్గట్టు ఉంది కదా అని పెట్టేసుకోకు. మళ్లీ మళ్లీ వస్తేనే అది నీ ఫలితం.

మిషన్ వారానికి ఒక్క పూటే దొరుకుతుందన్నావు. మిగతా రోజులు ఖాళీగా కూర్చోవద్దు. ఎరువుల దుకాణంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) దొరుకుతుంది, రైతులు బోర్డో మిశ్రమానికి కొంటారే, అదే. సున్నం, రంగు ఏదీ పూయని చిన్న మట్టి ముంత ఒకటి తెచ్చుకో. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మైలుతుత్తం కలుపుతూ పో. ఇక కరగనని అడుగున నీలం పలుకులు మిగిలేదాకా కలుపు. ఆ ద్రావణం ముంతలో పోసి, గరుకు కాగితంతో రుద్ది మెరిసేలా చేసిన రాగి తీగ నిలబెట్టు. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడేది మట్టి సందుల్లోంచి ఊరి ఆవిరవడం వల్లే కదా, ఆ ఊటే ఇక్కడ అయాన్లకు దారి ఇస్తుంది. ఇప్పుడు నీ దగ్గర కాపర్–కాపర్ సల్ఫేట్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఉంది, అంటే తన వోల్టేజి మారకుండా నిలిచి, మిగతావాటిని పోల్చి కొలవడానికి పనికొచ్చేది. కాంక్రీటు లోపలి చువ్వలకు తుప్పు పట్టిందా లేదా అని వంతెనల మీద పరీక్షించే ఇంజినీర్లు వాడేది ఈ రకమే. అక్కడ రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే తుప్పు నడుస్తోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం ఉందని అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి సీ876 ప్రమాణం చాలాకాలంగా చెబుతోంది. ఎంత వేగంగా నడుస్తోందో మాత్రం అదీ చెప్పదు. ఒక జాగ్రత్త: మైలుతుత్తం విషం. వంటగిన్నెలు వాడకు, చిన్నపిల్లలకు అందకుండా పెట్టు, పని అయ్యాక చేతులు బాగా కడుక్కో.

ముంతను ఉప్పు నీళ్ల గిన్నెలో దించి, పక్కనే రుద్దిన ఇనుప మేకు ఉంచు. డిజిటల్ మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర తీగ మేకుకు, నల్ల తీగ రాగికి తగిలించు. మొదట మైనస్ 0.5 చుట్టుపక్కల కనిపిస్తుంది. అక్కడే కూర్చో. చూస్తుండగానే మెల్లగా దిగుతూ మైనస్ 0.7 వైపు జారుతుంది. పది నిమిషాలకోసారి నోటుబుక్కులో రాసుకో. మేకు చుట్టూ నీళ్లు ముందు లేత పచ్చగా, తర్వాత నారింజ రంగుకు తిరగడం కూడా రాసుకో. తర్వాత మేకు తీసి జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుము) ముక్క పెట్టు, మైనస్ 1.1 దగ్గర నిలుస్తుంది. ఆ రేకునూ మేకునూ ఒక తీగతో కలిపి మళ్లీ చూడు. రెండూ ఒకే అంకెకు వస్తాయి, ఆ అంకె జింకు వైపే మొగ్గి ఉంటుంది. జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతోందన్న మాటను ఆ క్షణంలో నీ కళ్లతో చూస్తావు. రాగి అయాన్లు ఊరి మేకు మీద పేరుకుంటాయి కాబట్టి ముంతను గంటల తరబడి అందులోనే వదిలేయకు.

ఇలా నాలుగు రోజులు చేశాక ల్యాబ్‌లో పొటెన్షియోస్టాట్ ముందు కూర్చుంటే భయం ఉండదు. ఆ పెట్టె లోపల జరిగేది దీనికే ఇంకో ఎలక్ట్రోడ్ కలపడం. నమూనా ఒకటి, రిఫరెన్స్ ఒకటి, కరెంటు మోయడానికి ప్లాటినమో గ్రాఫైటో ఒకటి. రిఫరెన్స్ గుండా కరెంటు పోనివ్వరు, అందుకే మూడోది.

ల్యాబ్‌లో గీతలు చెడిపోయేది ఎక్కువగా నమూనా దగ్గరే. రెజిన్‌లో పోత పోసిన ముక్క అంచు చూడు, భూతద్దం పెట్టి చూడు. స్టీలుకూ రెజిన్‌కూ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా ఉప్పు నీళ్లు అందులో దూరి వేరే తుప్పు మొదలుపెడతాయి. నువ్వు కొలిచేది స్టీలు ముఖం అనుకుంటావు, నిజానికి కొలిచేది ఆ సందును. అంచుకు లక్క గానీ నెయిల్ పాలిష్ గానీ పూసి, మిగిలిన వైశాల్యం కొలిచి, ఆ అంకెనే సాఫ్ట్‌వేర్‌లో వెయ్యి. అక్కడ ముందే 1 అని ఉంటుంది, చాలామంది దాన్ని మార్చరు. ఎమెరీ కాగితం ప్రతిసారీ అదే నంబరుతో ముగించు. అసిటోన్‌తో కడిగాక వేలితో ముట్టకు. రుద్దిన తర్వాత ఎన్ని నిమిషాలకు నీళ్లలో దించావో అది కూడా రాసుకో. నిన్న పది నిమిషాలకు, ఇవాళ భోజనం చేసి వచ్చి దించితే అది ఇంకో ప్రయోగమే.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. నేను పని నేర్చుకునే రోజుల్లో పది రోజులపాటు నా పొటెన్షియల్ కారణం లేకుండా 40 మిల్లీవోల్టులు ఎగిరేది, దిగేది. నమూనాలు మార్చాను, నీళ్లు మార్చాను, తీగలు మార్చాను. చివరికి అక్కడి పాత టెక్నీషియన్ ఏమీ మాట్లాడకుండా నా కాలొమెల్ ఎలక్ట్రోడ్ (పాదరసంతో చేసే రిఫరెన్స్) తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కొసన, దూది దగ్గర, ఆవగింజంత గాలి బుడగ. గోటితో రెండుసార్లు తట్టాడు. బుడగ పైకి పోయింది, రీడింగు నిలబడింది. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు రెండు రిఫరెన్స్‌లను ఒకే గిన్నెలో పెట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకే రకం అయితే తేడా ఐదు మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే ఆ రోజు పని ఆపేస్తాను. అందుకోసమే ఒకదాన్ని ఎప్పుడూ వాడకుండా పక్కన ఉంచుకోవాలి. పేపర్లో పొటెన్షియల్ రాసేటప్పుడు దేనితో పోల్చి కొలిచావో తప్పకుండా రాయి. నిండు ద్రావణపు కాలొమెల్ హైడ్రోజన్ స్కేలు మీద 0.241 వోల్టుల దగ్గర ఉంటే, అలాంటిదే సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ 0.197 దగ్గర ఉంటుంది. ఆ పేరు రాయని అంకె ఎవరికీ పనికిరాదు.

నీళ్లలో దించగానే గీత మొదలుపెట్టకు. కనీసం గంట ఆగు. చివరి పది నిమిషాల్లో ఐదు మిల్లీవోల్టుల కంటే ఎక్కువ జారకపోతే మొదలుపెట్టవచ్చు, నేను పెట్టుకున్న హద్దు అది. వరుస కూడా ముఖ్యం. ముందు మట్టం, తర్వాత ఆ చిన్న కదలిక కొలత, తర్వాత ఇంపీడెన్స్ (చిన్న ఏసీ వోల్టేజిని రకరకాల ఫ్రీక్వెన్సీల్లో ఇచ్చి అడ్డు ఎంతో చూడటం), ఆఖరున టాఫెల్. టాఫెల్ గీతకు స్టీలును వందల మిల్లీవోల్టులు తోస్తాం, ఆ తర్వాత ఆ ముఖం పాత ముఖం కాదు. దాన్ని మళ్లీ రుద్దాల్సిందే. టైం చాలదని స్కాన్ వేగం పెంచుతుంటారు. సెకనుకు 0.1667 మిల్లీవోల్టుల చొప్పున పోతే 500 మిల్లీవోల్టులకు 50 నిమిషాలు పడుతుంది. పట్టనీ. వేగం పెంచితే లోహం తుప్పుతో పాటు ఉపరితలం ఛార్జి అయ్యే కరెంటు కూడా కలిసి, అంకె ఉబ్బుతుంది.

నీ మూడు అంకెలకూ అసలు కారణం ఇక్కడే ఉందని నా అనుమానం, కాబట్టి కొంచెం ఓపికగా చదువు. టాఫెల్ పద్ధతిలో పొటెన్షియల్ నిలువుగా, కరెంటు లాగ్ స్కేలు మీద అడ్డంగా వేసిన గీత రెండు చేతులూ సరళరేఖలుగా ఉండాలి, కనీసం ఒక పదింతల కరెంటు మేర. 1905లో యూలియస్ టాఫెల్ ఆ సంబంధం చెప్పింది హైడ్రోజన్ విడుదలయ్యే చర్య మీద. మామూలు గాలి తగిలే ఉప్పు నీళ్లలో కిందిచేయి అలా ఉండదు. ఆక్సిజన్ రాక ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది కాబట్టి కరెంటు పెరగదు, గీత దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. అక్కడ సరళరేఖ అనేదే లేదు. ఆటోమేటిక్ ఫిట్ నొక్కితే సాఫ్ట్‌వేర్ మాత్రం ఏదో ఒక రేఖ గీసి, వాలు పదింతల కరెంటుకు 400 మిల్లీవోల్టులు అనో 600 అనో చూపించి, అంకె చేతిలో పెడుతుంది. నువ్వు రేఖను ఒక సెంటీమీటరు పక్కకు జరిపితే అంకె రెండింతలవుతుంది. నీ పాత ఫైళ్లు తెరిచి ఆ వాలు ఎంత ఉందో చూడు. ఇలాంటి చోట ఆ నిలువు గీత కరెంటే తుప్పు కరెంటుకు దగ్గరగా ఉంటుంది, దాన్నే చదువుకో. పైచేయితో సరిచూసుకో. స్టెయిన్‌లెస్ స్టీలు సంగతి ఇంకా వేరు. అది సన్నని పొర కప్పుకుని ఉండి, ఒక్కసారిగా గుంటలు పడుతుంది. దానికి సగటు వేగం చెప్పడం మోసం చేసినట్టే, సైక్లిక్ పోలరైజేషన్ చేసి, అంటే పొటెన్షియల్‌ను పైకి తోసి మళ్లీ వెనక్కి తెచ్చి, గుంట ఏ పొటెన్షియల్ దగ్గర పుడుతోందో, ఎక్కడ మానుతోందో చూడాలి.

ఇంపీడెన్స్ గురించి నువ్వు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చేయమంటారు. చెయ్యి. 100 కిలోహెర్ట్జ్ నుంచి 10 మిల్లీహెర్ట్జ్ దాకా తీస్తే చివరి ఒక్క చుట్టుకే వంద సెకన్లు పడుతుందని, ఈలోపు స్టీలు మారిపోతుంటే ఆ కొస చుక్కలకు అర్థం ఉండదని గుర్తుంచుకో. ఆ ఫలితాన్ని ఒక ఊహా సర్క్యూట్‌తో పోల్చి చదువుతారు; గ్రాఫుకు సరిపోయేదాకా ఆ సర్క్యూట్‌లో పెట్టెలు చేరుస్తూ పోకు.

ఇవన్నీ చేశాక కూడా ఒక సాక్షి కావాలి. ఆ సాక్షి త్రాసు. అదే స్టీలు రేకు, 5 సెంటీమీటర్లు 2 సెంటీమీటర్లు, తూకం వేసి అవే ఉప్పు నీళ్లలో దారంతో వేలాడదియ్యి. నీ కొలత ప్రకారం పోలరైజేషన్ రెసిస్టెన్స్ 2600 ఓమ్–చదరపు సెంటీమీటర్లు వచ్చిందనుకో. స్టెర్న్–గియరీ సూత్రంలో స్టీలుకు సాధారణంగా వాడే 26 మిల్లీవోల్టులను దాంతో భాగిస్తే 10 మైక్రో ఆంపియర్లు, అంటే ఏడాదికి 0.116 మిల్లీమీటర్లు. నెల రోజులకు ఆ రేకు రెండు ముఖాలూ కలిపి సుమారు 150 మిల్లీగ్రాములు తగ్గాలి. ఇన్‌హిబిటర్ (ఆమ్లం స్టీలును తినకుండా అడ్డుకునే మందు) కలిపిన ఆమ్లంలో తుప్పు కడిగి, ఆరబెట్టి తూకం వెయ్యి. తుప్పు పట్టని రేకును కూడా అదే ఆమ్లంలో కడిగి, అది పోగొట్టుకున్నంత తీసెయ్యి. 100, 200 మధ్య వచ్చిందంటే నీ చేయి, మిషన్ రెండూ ఒకే మాట చెబుతున్నాయి. 20 వచ్చిందనో, 900 వచ్చిందనో అయితే ఎక్కడ తప్పిందో వెతకాలి. ఇందుకు పొటెన్షియోస్టాట్ స్లాటు అవసరం లేదు, ఈరోజే మొదలుపెట్టొచ్చు.

చదువుకోవడానికి ఎన్‌పీటీఈఎల్‌లో తుప్పు మీద ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, రోజుకు ఒకటి చూడు. చేత్తో చేసేటప్పుడు మాత్రం ప్రమాణపత్రాలే దగ్గర పెట్టుకో: పోలరైజేషన్ రెసిస్టెన్స్‌కు ఏఎస్‌టీఎం జీ59, లెక్కలకు జీ102, తూకానికి జీ1. మన దేశంలో ఈ విద్యకు పెద్ద ఇల్లు తమిళనాడు కారైకుడిలోని కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ సీఈసీఆర్‌ఐ, 1953లో మొదలైంది. వీలుంటే మీ గైడుతో మాట్లాడి అక్కడికి ఒకసారి వెళ్లి రా. వరంగల్‌లోనే ఎన్‌ఐటీలో మెటలర్జీ విభాగం ఉంది, నమూనా పాలిష్ చేయడం బాగా తెలిసినవాళ్లు అలాంటి చోటే దొరుకుతారు, అడగడానికి మొహమాటపడకు.

నెల తర్వాత వెల్డింగ్ ముక్కలకు వచ్చేటప్పుడు అతుకు, దాని పక్కన వేడికి మారిన భాగం, అసలు స్టీలు మూడింటినీ ఒకే నమూనాలో పెట్టకు. మూడూ కలిసి ఉంటే వాటిలో అవే ఒక బ్యాటరీ అయి కూర్చుంటాయి, వచ్చే అంకె ఏ ఒక్కదానిదీ కాదు. విడివిడిగా కోయించి, విడివిడిగా కొలిచి, ఆ తర్వాత కలిపి చూడు. మీ గైడుకు ఈ పద్ధతి ఒక పేజీలో రాసి చూపించి, ఇంకో రెండు పూటలు మిషన్ అడుగు. మూడు రకాల అంకెలు ఎందుకు వచ్చాయో రాసి చూపించే విద్యార్థిని ఏ గైడూ కోప్పడడు.

ఇంకొకటి. ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు నాన్నను అడిగి, మోటారు పైన మొదటి జీఐ పైపు మర కోసిన ముక్క ఒకటి తెచ్చుకో. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ తగిలే ఆ మర దగ్గరే జంగు ముందు తింటుందని ఆయనకు ఎన్నో ఏళ్లుగా తెలిసి ఉంటుంది. ఆ మర మీద ముంత పెట్టి ఒకసారి, చేయి అంత దూరంలో ఒకసారి కొలువు. రెండు అంకెలూ నాకు రాసి పంపు, నీళ్లు ఏ బోరువో కూడా రాయి.